"కలడో లేడో" అన్న ఏనుగు "వినుదట" దాకా ఎలా వచ్చింది?

అందరికీ నమస్తే. మేం డాలస్‌లో ఉంటాం, మా అమ్మాయికి పదకొండేళ్లు, వారానికో పద్యం నేర్పిస్తున్నా, ఈ వారం గజేంద్రమోక్షంలోది. మా అమ్మమ్మ కూరలు తరుగుతూ పాడుతుంటే విని విని నోటికొచ్చేసిన పద్యం కాబట్టి దీని అర్థం గురించి నేనెప్పుడూ ఆగి ఆలోచించలేదు.

కలడందురు దీనులయెడ
కలడందురు పరమయోగి గణముల పాలం
కలడందు రన్ని దిశలను
కలడు కలండనెడివాడు కలడో లేడో

ముందు "కల అంటే డ్రీమ్ కదా అమ్మా, కలలో ఉన్నాడనా" అని అడిగింది, కాదమ్మా ఉన్నాడు అని అర్థం అన్నాక కాసేపు ఊరుకుని "మరి ఇది ప్రేయర్ ఎలా అవుతుంది, ఏనుగు దేవుడు ఉన్నాడో లేడో తెలీదంటోంది కదా" అంది. నాకు జవాబు తట్టలేదు. ఈ కలడు అనే మాట మనం ఇప్పుడెందుకు వాడటంలేదు, ఒకే లైన్లో ఒకసారి కలడు ఇంకోసారి కలండు ఎందుకు, అసలు ఈ డౌటుకి పోతన ఎక్కడైనా జవాబిచ్చాడా, తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

*

అమ్మా, మీ పాప అడిగింది చాలా పెద్ద ప్రశ్న, క్లాసులో ఈ పద్యం ఎన్నోసార్లు చెప్పాను గానీ ఇలా అడిగినవాళ్లు లేరు.

ముందు మాట సంగతి. కలను, కలవు, కలడు, కలదు, కలరు. వీటికి వ్యతిరేకం లేను, లేవు, లేడు, లేదు, లేరు. ఇప్పుడు చూడండి, రెండో వరస మొత్తం మన నోట్లో ఉంది, మొదటిది పోయి దాని చోట్లోకి ఉన్నాను, ఉన్నాడు వచ్చి కూర్చున్నాయి. "అద్దెకు గది కలదు" అన్న బోర్డు మీద, "డబ్బుగలవాళ్లు" లాంటి మాటల్లో, కలిమి లేమి అనే జంటలో మాత్రం మిగిలింది. పోతన కాలంలో, అంటే 15వ శతాబ్దంలో, కలడు లేడు రెండూ ఎదురెదురుగా నిలబడే మాటలు, అందుకే "కలడో లేడో" అన్నప్పుడు త్రాసు రెండు పళ్లేల్లా సమానంగా వినిపిస్తుంది, మనం ఉన్నాడో లేడో అంటే ఆ పోలిక రాదు.

కలండు అనేది ఛందస్సు కోసం. లం గురువు, అంటే బరువుగా పలికే అక్షరం, కాబట్టి రెండు మాత్రలు, అక్కడ కూడా కలడు అనే రాస్తే ఈ కంద పద్యంలో ఒక మాత్ర తగ్గిపోయి గణాలు చెడిపోతాయి.

కానీ నేను మీ పాపకి చూపించమనేది అనెడివాడు అనే మాట. రాముడనెడివాడు అంటే రాముడు అనే పేరున్నవాడు కదా, అలాగే "కలడు కలండనెడివాడు" అంటే ఉన్నాడు ఉన్నాడు అని పేరుపడ్డవాడు. అందరూ అని అని ఆ క్రియే ఆయన పేరైపోయింది, ఇప్పుడు ఏనుగు ఆ పేరుగలవాడు అసలు ఉన్నాడా అంటోంది. దీనుల దగ్గర ఉన్నాడంటారు, యోగుల దగ్గర ఉన్నాడంటారు, తనకి మాత్రం ఇంకా తెలీదు.

*

సార్ చెప్పింది మస్తుగున్నది. మాది జనగామ దిక్కు, పోతన ఊరు బమ్మెర మాకు దగ్గర్నే. కలడందురు అంటే మా నాయనమ్మ భాషల "ఉన్నడంటరు", అంతే. ఆమె ఎవరి ముచ్చటన్న చెప్పేటప్పుడు తను చూసిందైతే "వచ్చిండు" అంటది, చెవిన పడ్డదైతే "వచ్చిండట" అంటది, ఒక్కసారి గూడ కలపలే. నాకు ఈ పద్యం చదివినప్పుడల్ల అదే యాదికొస్తది. ఏనుగుకు దేవుడు ఇంకా "అట" లెక్కనే ఉన్నడు.

ఇంకొక్కటి అక్కా, ఆ "అట" పోతన తర్వాత గూడ వాడిండు, "లావొక్కింతయు లేదు" పద్యం అయినంక చూడుండ్రి:

వినుదట జీవుల మాటలు
చనుదట చనరానిచోట్ల శరణార్థుల కో
యనుదట పిలిచిన సర్వము
కనుదట సందేహమయ్యె కరుణావార్ధీ

"లావొక్కింతయు"ల నీవే తప్ప వేరే తెల్వదు, రావే, కావవే అన్నంక మళ్ల సందేహం ఏంది అని నాకు శానా రోజులు సమజ్ కాలే. నమ్మకం కుదిరినంక కథ ముందుకు పోవాలె గదా, ఎనకకు ఎందుకొచ్చింది?

*

తమ్ముడూ, వెనక్కి రాలేదు. వినుదు, చనుదు, అనుదు, కనుదు, ఈ నాలుగు క్రియలకీ కర్త ఎవరో చూడండి. నీవు. నువ్వు వింటావట, వెళ్లరాని చోట్లకి కూడా వెళ్తావట, శరణన్నవాళ్లకి ఓ అని పలుకుతావట, అన్నీ చూస్తావట. మొదట ఎవరో చెప్పగా విన్న "వాడు", ఇక్కడ కూడా విన్న సంగతే కానీ "నువ్వు". సందేహం అదే, అది చెప్పుకుంటున్నది మాత్రం ఎవరిమీద సందేహమో ఆయనతోనే, పైగా దయాసముద్రమా అని పిలిచి మరీ. నాకైతే గజేంద్రుడి ప్రయాణమంతా ఈ సర్వనామంలోనే ఉంది.

మొదట్నుంచీ చదివితే ఇది ఇంకా బాగా పట్టుబడుతుంది. మొసలి పట్టాక మొదట్లో అడిగినవాటిలో ఒకటి దేవుడి గురించి కూడా కాదు, తన గురించి. దశలక్షకోటి ఆడయేనుగులకి నాథుణ్ణై చెట్ల నీడల్లో ఉండకుండా "ఈ నీరాశ నిటేల వచ్చితి" అని, అంటే ఈ నీటి మీద ఆశతో ఇటెందుకొచ్చాను అని. చెవికి నిరాశ అని కూడా వినిపిస్తుంది, పోతన అది తెలీకుండా పెట్టి ఉండడు. తర్వాత "ఎవ్వనిచే జనించు" పద్యంలో ఎవ్వడు ఎవ్వడు అని ప్రశ్న, ఆ తర్వాత పెంజీకటికి, అంటే చిక్కటి చీకటికి, అవ్వల వెలిగేవాడు, ఆ తర్వాత మీ పాప పద్యం. ఎవడు, వాడు, ఉన్నాడంటారు, నువ్వే, వింటావట నువ్వు.

సంస్కృత భాగవతంలో ఇదే అష్టమ స్కంధం మూడో అధ్యాయంలో గజేంద్రుడు పూర్వజన్మలో నేర్చుకున్న స్తోత్రాన్ని జపిస్తాడు, ఆయన అంతకుముందు ఇంద్రద్యుమ్నుడనే పాండ్యరాజు కదా. పెంజీకటి పద్యానికి మూలం అక్కడుంది, "తమస్తదాసీద్ గహనం గభీరం" అని. ఈ సందేహం మాత్రం అక్కడ లేదు, ఆ స్తోత్రం నిబ్బరంగా సాగుతుంది. పోతన గజేంద్రుడు జ్ఞాపకం ఉన్నది అప్పజెప్పడు, కాలు మొసలి నోట్లో ఉండగా ఒక్కో మాటా వెతుక్కుంటూ వెళ్తాడు. నాకు మూలం మీద గౌరవం ఉంది కానీ ఇక్కడ మన పోతన ఒక మెట్టు పైనున్నాడనే అంటాను, ఎవరైనా కాదంటే వాదించడానికి సిద్ధం.

*

మాస్టారూ, రాత్రి మీరు రాసింది చదివి వినిపించా. జనగామ తమ్ముడు చెప్పిన "ఉన్నడట" దానికి బాగా నచ్చింది, పద్యం మొత్తం అలాగే చెప్పుకుంటూ తిరిగింది. తర్వాత నన్ను "ఓ కమలాప్త" పద్యం కూడా చదవమంది, అందులో అందురు ఉందా అట ఉందా అని వెతికింది, రెండూ లేవు, రావే, కరుణింపవే, తలపవే, కావవే అన్న పిలుపులే ఉన్నాయి. అది చూసి "ఇక్కడ డౌట్ లేదు, టైమ్ లేదు కాబట్టి" అంది. నేను ఏమీ కలపలేదు.

ఇంకొక్కటే, ఆ పద్యంలో మొదటి పాదం చివర "కుయ్యో" అని వస్తుంది, అది కూడా దేవుడి పేరేనా అని అడుగుతోంది.

*

పేరు కాదమ్మా. కుయ్యి అంటే మొర, ఆపదలో వేసే కేక, కుయ్యిడు అంటే మొరపెట్టు. కమలాప్త, వరద, కవియోగివంద్య అన్న అంత చక్కటి పిలుపుల మధ్యలో ఏనుగు నొప్పికి పెట్టిన అరుపు అది.