బాక్సైట్‌లో సిలికా తగ్గించడానికి ఏ పద్ధతితో మొదలుపెట్టాలి?

ప్రశ్న:
ఖనిజ శుద్ధి మీద ప్రాజెక్ట్ చేస్తున్నాను. నా బాక్సైట్ శాంపిల్‌లో అల్యూమినా 46 శాతం, సిలికా 9, ఐరన్ ఆక్సైడ్ 18. అల్యూమినా, సిలికాల నిష్పత్తి 5 దగ్గరే ఆగింది, బేయర్ ప్రాసెస్‌కి (బాక్సైట్‌ని కాస్టిక్ సోడాలో కరిగించి అల్యూమినా తీసే పద్ధతి) పంపాలంటే 8 అయినా దాటాలంటున్నారు మా గైడ్. నేరుగా ఫ్లోటేషన్ (నురగతో ఖనిజాన్ని తేల్చి వేరుచేయడం) చేసేయనా, ముందు మాగ్నెటిక్ సెపరేటర్‌లో వేసి ఐరన్ తీయాలా? గ్రావిటీ పద్ధతి పనికొస్తుందా? టైమ్ తక్కువ ఉంది, టెన్షన్‌గా ఉంది.

జవాబు:
మెషీన్ సంగతి తర్వాత, ముందు ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రేలతో ఖనిజాలని గుర్తించే పరీక్ష) చేయించి ఆ సిలికా ఏ ఖనిజంలో ఉందో చూడండి. గిబ్‌సైట్ (అల్యూమినా ఉండే ఖనిజం) రకం బాక్సైట్‌ని 140–150 డిగ్రీల దగ్గర కాస్టిక్‌లో కరిగిస్తారు, ఆ వేడికి క్వార్ట్జ్ రూపంలోని సిలికా పెద్దగా కరగదు, రెడ్ మడ్‌తో (కరగకుండా మిగిలే ఎర్రటి బురద) పాటు బయటికి పోతుంది. కయొలినైట్ (సిలికా ఉండే బంకమన్ను ఖనిజం) అలా కాదు, అది కరిగి మళ్లీ సోడియం అల్యూమినో సిలికేట్‌గా గట్టిపడుతూ సోడానీ అల్యూమినానీ రెండింటినీ పట్టుకుపోతుంది, అసలు నష్టం అక్కడే. అందుకే రియాక్టివ్ సిలికా (ఇలా కాస్టిక్‌లో కరిగే సిలికా) ఎంతో విడిగా కొలిపించండి. బోహ్‌మైట్ (అల్యూమినా ఉండే ఇంకో ఖనిజం) ఎక్కువుంటే 240 డిగ్రీల వరకు వెళ్లాలి, అప్పుడు క్వార్ట్జ్ కూడా కరుగుతుంది.

సిలికా కోసమైతే గ్రావిటీ వదిలేయండి. గిబ్‌సైట్ సాంద్రత 2.4, కయొలినైట్‌ది 2.6, ఆ తేడాతో ఏదీ విడిపోదు.

ఇంకో జవాబు:
పైన చెప్పింది నిజం. దానికి తోడు, ఖనిజాన్ని మెత్తగా నూరేయకండి! కయొలినైట్ బంకమన్ను కదా, చాలా ఖనిజాల్లో అది సన్నటి పొడిలోనే పేరుకుని ఉంటుంది. నీళ్లలో బాగా రాపిడి పెట్టి కడిగి, జల్లెడ పట్టి, ఒక్కో సైజుకి అల్యూమినా, సిలికా విడివిడిగా చూడండి. బ్రెజిల్‌లో పారగోమినాస్, ట్రోంబెటాస్ గనుల్లో పెద్ద ఎత్తున చేసేది ఈ కడగడం, జల్లించడమే. సన్నపొడితో పాటు కొంత గిబ్‌సైట్ కూడా పోతుంది కాబట్టి గ్రేడ్ (మిగిలినదాని నాణ్యత) ఒక్కటే కాకుండా రికవరీ (మొత్తం అల్యూమినాలో ఎంత దక్కింది) కూడా రాసుకోండి, ఆ బురదలోంచి నీళ్లు తీయడం కూడా కష్టమే.

ఫ్లోటేషన్ గురించి మీరు చదివిన వాటిలో ఎక్కువ భాగం చైనా డయాస్పోర్ (ఇదీ అల్యూమినా ఉండేదే) ఖనిజం మీద అయి ఉంటుంది. అక్కడ ఫ్యాటీ యాసిడ్ కలెక్టర్లతో (ఖనిజం నురగకి అంటుకునేలా చేసే రసాయనాలు) డయాస్పోర్‌నే నురగలోకి తేలుస్తారు. మీది గిబ్‌సైట్ అయితే ఆ రెసిపీ ఉన్నదున్నట్టు పనిచేస్తుందనుకోవద్దు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ. ఎక్స్‌ఆర్‌డీ రిపోర్ట్ ఉంది, గిబ్‌సైట్, కయొలినైట్, హెమటైట్, గోథైట్ (ఈ రెండూ ఐరన్ ఖనిజాలు) కనిపిస్తున్నాయి, క్వార్ట్జ్ పీక్ చాలా చిన్నది. మరి ఐరన్?

జవాబు:
అంటే మీ సిలికా దాదాపు అంతా రియాక్టివ్ కిందే లెక్క, కాబట్టి కడగడంతోనే మొదలుపెట్టండి. ఐరన్ కాస్టిక్‌లో కరగదు, మడ్ పరిమాణం పెంచుతుంది అంతే, సిలికాలా సోడా తినదు. రిఫ్రాక్టరీకి (కొలిమిలో వేడిని తట్టుకునే ఇటుకలకి) వాడే బాక్సైట్ అయితే ఐరన్ తీయక తప్పదు గానీ మీకు అది రెండో పని. హెమటైట్ బలహీన అయస్కాంత ఖనిజం, మామూలు అయస్కాంతానికి రాదు, హై ఇంటెన్సిటీ సెపరేటర్ కావాలి. గోథైట్‌తో ఇంకో ఇబ్బంది, దాని స్ఫటికంలో ఐరన్ స్థానంలో కొంత అల్యూమినియం కూర్చుని ఉంటుంది, దాన్ని ఎంత నూరినా విడదీయలేరు. కడిగిన ముతక భాగంలో నిష్పత్తి 8 దాటిందంటే ఐరన్ జోలికి వెళ్లకండి, దాటకపోతే ఆ భాగాన్ని మైక్రోస్కోప్ కింద పెట్టి గింజల లోపల కయొలినైట్ ఇరుక్కుందో, వాటి పైన పూతలా ఉందో చూసి ఇక్కడ రాయండి.