చీటింగ్ వేరు, బ్రీచ్ ఆఫ్ ట్రస్ట్ వేరు అంటున్నారు. తేడా ఎక్కడుంది?

మూడోవీధి, గుంటూరు జిల్లా

మా వీధిలో ఒకావిడ ఏళ్ల తరబడి చీటీలు నడిపింది. మా అమ్మతో సహా చాలామంది ఆడవాళ్లు ఆవిడ దగ్గర కట్టారు, పాడుకున్నవాళ్లకు చాలాకాలం డబ్బు టైముకే ఇచ్చింది కూడా. సంక్రాంతి వెళ్లాక ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయింది. చీటీ డబ్బు ఒక్కటే పోలేదు. మా పిన్ని ఊరెళ్తూ నగల పెట్టె ఆవిడ బీరువాలో ఉంచమని ఇస్తే దాన్ని తాకట్టు పెట్టేసిందని తర్వాత తెలిసింది. ఎదురింటి మాస్టారు రెండు రూపాయల వడ్డీకి ప్రోనోటు రాయించుకుని అప్పిచ్చారు, అదీ రాలేదు.

అందరం కలిసి ఒకే కాగితం మీద "మోసం చేసింది" అని రాసి స్టేషన్‌కి తీసుకెళ్లాం. రైటర్ గారు చదివి ఇందులో చీటింగ్ ఏది, బ్రీచ్ ఆఫ్ ట్రస్ట్ ఏది, ఉత్త బాకీ ఏది, విడదీసి రాసుకురండి అన్నారు. మాకైతే మూడూ ఒకటే, మా డబ్బు పోయింది. ఈ రెండు మాటలకీ అసలు తేడా ఏంటి, మా పిన్ని నగలు ఎందులోకి వస్తాయి, చీటీ ఎందులోకి వస్తుంది? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, ఇంట్లో అమ్మ టెన్షన్‌తో సరిగ్గా తినడం కూడా లేదు.

జూనియర్ అడ్వకేట్, విజయవాడ

రైటర్ గారు అడిగింది సబబేనండీ, మిమ్మల్ని తిప్పడానికి అన్నది కాదు. దురుద్దేశం ఎప్పుడు పుట్టిందన్నదే అసలు ప్రశ్న. మీ దగ్గర తీసుకునేటప్పటికే ఎగ్గొట్టాలని మనసులో ఉండి, అబద్ధం చెప్పి మీ చేత ఇప్పించుకుంటే చీటింగ్. తీసుకునేటప్పుడు ఏ అబద్ధమూ లేదు, మీరే నమ్మి అప్పగించారు, తర్వాత బుద్ధి మారి దాన్ని సొంతానికి వాడేసుకుంటే క్రిమినల్ బ్రీచ్ ఆఫ్ ట్రస్ట్. మన పేపర్లలో నమ్మకద్రోహం అని రాసేది దీన్నే.

1860 నాటి ఐపీసీలో చీటింగ్ సెక్షన్ 415 కింద ఒక ఉదాహరణ ఉంది, నీలిమందు తోటల కాలంనాటిది. నీలిమందు మొక్క సరఫరా చేస్తానని ఒకడు అడ్వాన్సు తీసుకుంటాడు. తీసుకునేటప్పుడే ఇచ్చే ఉద్దేశం లేకపోతే అది చీటింగ్. ఇద్దామనే తీసుకుని తర్వాత మాట తప్పితే చీటింగ్ కాదు, సివిల్ దావా మాత్రమే వేసుకోవాలి. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత, అంటే ఇప్పటి బీఎన్‌ఎస్‌లో 318 కింద కూడా ఆ ఉదాహరణను అలాగే ఉంచారు. బ్రీచ్ ఆఫ్ ట్రస్ట్ కింద ఇచ్చినది గోదాము యజమాని ఉదాహరణ. ఊరెళ్తూ ఒకతను తన సామాను గోదాములో అప్పగిస్తాడు, అద్దె కట్టగానే తిరిగివ్వాలన్నది ఒప్పందం, గోదాము యజమాని ఆ సామాను అమ్మేసుకుంటాడు. మీ పిన్ని గారి నగలు అచ్చంగా ఇదే. వస్తువు పిన్ని గారిదే, దాచమని మాత్రమే ఇచ్చింది, తాకట్టు పెట్టే హక్కు అవతలి మనిషికి ఎప్పుడూ లేదు.

శిక్షల్లోనూ తేడా ఉంది. చీటింగ్‌కి పాత సెక్షన్ 420 ఇప్పుడు 318(4), ఏడేళ్ల వరకు జైలు. బ్రీచ్ ఆఫ్ ట్రస్ట్‌కి పాత 406 ఇప్పుడు 316(2), అప్పట్లో మూడేళ్ల వరకు ఉండేది, ఇప్పుడు ఐదేళ్ల వరకు చేశారు. 2024 జులై 1కి ముందు జరిగినవి ఐపీసీ కిందే నడుస్తాయి కాబట్టి మీ తేదీలు చాలా ముఖ్యం.

రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్, ఖమ్మం

లాయర్ గారు చెప్పింది కరెక్టే, నేను స్టేషన్ వైపు నుంచి చెప్తాను. చాలా ఎఫ్‌ఐఆర్‌లలో రెండు సెక్షన్లూ పక్కపక్కనే వేసేస్తుంటారు, ఏదో ఒకటి నిలబడుతుంది కదా అని. అది మంచిది కాదు. ఒకే డబ్బు మీద, ఒకే సంఘటన మీద ముందు నుంచే మోసం ఉంది, తర్వాత పుట్టింది అని రెండూ చెప్పలేం. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ రేస్ క్లబ్ కేసులో ఇదే గట్టిగా చెప్పింది. గుర్రాలకు దాణా సరఫరా చేసినతనికి బిల్లు డబ్బు రాలేదు, ఆయన క్రిమినల్ కేసు పెట్టాడు. సరుకు అమ్మాక అది కొన్నవాడిదే, అప్పగింత అన్నదే లేదు, కాబట్టి బ్రీచ్ ఆఫ్ ట్రస్ట్ ఎలా అవుతుందని అడిగి కోర్టు ఆ సమన్లు కొట్టేసింది. ఇన్నేళ్లయినా ఈ రెంటి తేడా అర్థం చేసుకోవడం లేదని బాధపడింది కూడా.

అందుకని మీరు ముగ్గురూ మూడు కాగితాలు రాయండి. పిన్ని గారి కాగితంలో పెట్టె ఎప్పుడు ఇచ్చారు, ఎవరి ఎదురుగా ఇచ్చారు, లోపల ఏ నగ ఎన్ని గ్రాములు, బిల్లులు ఉన్నాయా, ఆ నగలు వేసుకున్న పెళ్లి ఫొటోలు ఉన్నాయా, తిరిగివ్వమని ఎప్పుడు అడిగారు, ఆవిడ ఏమంది, ఇవన్నీ ఉండాలి. చీటీ కాగితంలో ఆవిడ డబ్బు తీసుకునేటప్పుడు ఏం చెప్పిందో ఆవిడ మాటల్లోనే రాయండి. ఉత్తినే "నమ్మించి మోసం చేసింది" అని రాస్తే దర్యాప్తు చేసేవాడికి పట్టుకోవడానికి ఏమీ దొరకదు.

కరీంనగర్ కోడలు

నగల మాట వచ్చింది కాబట్టి ఆడవాళ్ల కోసం ఒకటి చెప్పాలి. పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం అత్తగారి లాకర్లో ఉండడం మన ఇళ్లలో మామూలే. గొడవై బయటికొచ్చాక అడిగితే "ఇంటి బంగారం, నీకేం సంబంధం" అంటారు. స్త్రీధనం భార్య సొంత ఆస్తేనని, భర్త గానీ అత్తమామలు గానీ తిరిగివ్వకుండా కాజేస్తే అది బ్రీచ్ ఆఫ్ ట్రస్ట్ నేరమేనని సుప్రీంకోర్టు 1985లోనే ప్రతిభా రాణి కేసులో చెప్పింది. అక్కడ ఎవరూ మనకు అబద్ధం చెప్పి తీసుకోలేదు, మనమే నమ్మి చేతిలో పెట్టాం, అందుకే చీటింగ్ అని రాస్తే ఆ కేసు సరిగ్గా నిలబడదు. మా చెల్లి విషయంలో ఈ ఒక్క సంగతి ముందే తెలిసుంటే చాలా తిరుగుడు తప్పేది. దయచేసి జాబితా రాసి పెట్టుకోండి, పెళ్లిలో పెట్టిన ప్రతి వస్తువుకీ.

మూడోవీధి, గుంటూరు జిల్లా

అందరికీ చాలా థ్యాంక్స్. నగల సంగతి అర్థమైంది. చీటీ మాత్రం ఇంకా అర్థం కాలేదు, ఎందుకంటే ఆవిడ ఏళ్ల తరబడి బాగానే ఇచ్చింది కదా, మరి మొదటి నుంచే మోసం అని ఎలా అంటాం? మాస్టారి అప్పు సంగతేంటి? ఆవిడ ఐపీ (దివాలా పిటిషన్) పెడుతుందని కూడా వీధిలో అనుకుంటున్నారు.

జూనియర్ అడ్వకేట్, విజయవాడ

చీటీ అంతా ఒకే ముద్దగా చూడకండి. పాత చీటీలు సక్రమంగా ముగిశాయి, వాటి జోలికి పోవద్దు. ఆఖరి చీటీ ఎప్పుడు మొదలుపెట్టింది, అప్పటికే పాడుకున్నవాళ్లకు డబ్బు బాకీ పడిందా, లేని మనుషుల పేర్లతో పాట పాడిందా, ఇల్లు ఖాళీ చేసే ముందు నెలల్లో కూడా కొత్తవాళ్లను చేర్చుకుందా? ఇవి తేలితే ఆ చీటీ వరకు చీటింగ్ గట్టిగా నిలుస్తుంది, ఎందుకంటే ఇవ్వలేనని తెలిసే తీసుకుంది. నిజంగా నష్టపోయి ఆగిపోయిందని తేలితే మాత్రం కష్టం. ఇది కాక అనుమతి, రిజిస్ట్రేషన్ లేకుండా చీటీ నడపడమే చిట్ ఫండ్స్ యాక్ట్ 1982 కింద విడిగా నేరం, దాన్ని ఫిర్యాదులో తప్పకుండా రాయండి. అధిక వడ్డీ ఇస్తానని డిపాజిట్లు కూడా వసూలు చేసి ఉంటే మన దగ్గర 1999 నాటి డిపాజిటర్ల రక్షణ చట్టం ఉంది, దాని కింద ఆస్తులు అటాచ్ చేయించవచ్చు.

మాస్టారి అప్పు వేరు. అప్పిచ్చిన డబ్బు తీసుకున్నవాళ్ల సొంతమైపోతుంది, అది అప్పగింత కాదు, కాబట్టి బ్రీచ్ ఆఫ్ ట్రస్ట్ రాదు. తీసుకునేటప్పుడే దొంగ కాగితాలు చూపించడం లాంటిది ఏదైనా ఉంటే తప్ప చీటింగూ రాదు. సివిల్ దావాయే దారి. ప్రోనోటుకు మూడేళ్ల గడువు. వెనక చెల్లు రాసి సంతకం పెట్టించుకుని ఉంటే ఆ తేదీ నుంచి లెక్క, లేకపోతే నోటు తేదీ నుంచి, అది ముందు చూసుకోమనండి.

ఐపీ పెట్టినా క్రిమినల్ కేసు ఆగదు. పైగా 1920 నాటి ప్రావిన్షియల్ ఇన్సాల్వెన్సీ యాక్ట్‌లో ఫ్రాడ్ వల్ల గానీ, మోసపూరితమైన బ్రీచ్ ఆఫ్ ట్రస్ట్ వల్ల గానీ ఏర్పడిన బాకీ డిశ్చార్జ్ (బాకీల నుంచి కోర్టు ఇచ్చే విముక్తి) వచ్చినా రద్దు కాదని స్పష్టంగా ఉంది. పిన్ని గారి నగలకు అది బాగా పనికొస్తుంది. ఐపీ నోటీసు వస్తే పక్కన పడేయకుండా వాయిదాకి వెళ్లి అభ్యంతరం దాఖలు చేయండి.