పెళ్లి ముహూర్తం అర్ధరాత్రా, పగలా? మీ ఇళ్లలో ఎలా తేల్చుకున్నారు?

కావలి అమ్మాయి

మాఘమాసంలో నా పెళ్లి. మాది కావలి దగ్గర పల్లె, పెళ్లికొడుకు వాళ్లది ఒంగోలు. మండపం కావలిలోనే చూస్తున్నారు. పంతులుగారు ఇద్దరి నక్షత్రాలూ చూసి రెండు ముహూర్తాలు రాసిచ్చారు. ఒకటి శుక్రవారం రాత్రి 1:50కి, వృశ్చిక లగ్నం. రెండోది ఆ తర్వాతి బుధవారం పగలు 10:40కి, మేష లగ్నం. రెండూ మంచివే, మొదటిది ఇంకొంచెం బలంగా ఉంది అన్నారు. ఆ ఒక్క మాటతో ఇంట్లో గొడవ మొదలైంది.

నాన్న, మేనమామ రాత్రి ముహూర్తమే అంటున్నారు. అమ్మ ఏమీ అనట్లేదు. ఒంగోలు వాళ్లు ఏదైనా మాకు ఇష్టమే అన్నారు. నాకు మాత్రం పగలే కావాలి. మా అక్క పెళ్లి ముహూర్తం రాత్రి 2 దాటాక పడింది. జీలకర్ర బెల్లం పెట్టే సమయానికి మండపంలో కుర్చీలన్నీ ఖాళీ. మా అమ్మమ్మ ముందు వరసలో కూర్చునే నిద్రపోయింది. పెళ్లి చూడ్డానికి ఆమె ఎంత ఆశపడిందో నాకు తెలుసు. "బలమైన లగ్నం వదులుకుని మనుషుల కోసం చూస్తావా" అని నాన్న అడుగుతున్నారు. ఏం చెప్పాలో తెలియడం లేదు. మీ ఇళ్లలో ఎలా చేశారో చెప్పండి.

నెల్లూరు పెద్దమ్మ

అమ్మాయ్, మీ నాన్న చెప్పిందే సరి. పెళ్లికి ముహూర్తం ముఖ్యం, తతిమ్మావన్నీ దాని తర్వాతే. వచ్చినవాళ్లు భోంచేసి వెళ్లిపోతారు, కాపురం చేసేది నువ్వు. ఆ లగ్నం మీ ఇద్దరికీ కుదిరింది, పంతులుగారే నోరు తెరిచి బలంగా ఉందన్నారు. దాన్ని వదిలి, కొంచెం తక్కువదైనా పగలు అనుకూలంగా ఉందని పట్టుకోవడం నాకు మంచిదనిపించడం లేదు.

రాత్రి పెళ్లి మనవైపు కొత్తది కాదు. పగలంతా పొలంలో ఉండేవాళ్లకు రాత్రే తీరిక. వైశాఖంలో పగలు హోమం ముందు కూర్చుంటే పెళ్లికూతురు ఏమైపోతుందో ఒకసారి ఆలోచించు. మన నెల్లూరు ఎండ నీకు తెలియనిదా? ఒంటిమిట్ట రాములవారి కల్యాణం వెన్నెల్లో రాత్రిపూటే చేస్తారు. దేవుడికే రాత్రి పనికొచ్చినప్పుడు మనకెందుకు పనికిరాదు?

ఒంగోలు కోడలు

పెద్దమ్మా, భద్రాచలంలో అదే రాములవారి కల్యాణం నవమి నాడు మిట్టమధ్యాహ్నం, అభిజిత్ ముహూర్తంలో జరుగుతుంది. దేవుడి పేరు చెప్పి ఈ ప్రశ్న తేల్చలేం.

నాది రాత్రి పెళ్లి. చెల్లీ, నువ్వు నిర్ణయించుకునే ముందు ఇది చదువు. పొద్దున మంగళస్నానం అయినప్పటి నుంచి ఉపవాసం. సాయంత్రం 7 గంటలకు రిసెప్షన్ పెట్టారు. ఇంకా పెళ్లే కాలేదు, మమ్మల్ని ఇద్దరినీ స్టేజీ మీద నిలబెట్టి అక్షింతలు వేయించారు. హీల్స్ మీద మూడు గంటలు నిలబడ్డాను. 10 దాటాక మేకప్ మొత్తం కడిగి మళ్లీ వేశారు, పూలజడ కట్టారు. ఆ జడ బరువుకు తల వెనక్కి లాగేస్తూనే ఉంది. తర్వాత గౌరీపూజ. తెర అవతల కూర్చునే సమయానికి నాకు వినిపించేది మంత్రాలా, నా చెవుల్లో హోరా అన్నది కూడా తెలియలేదు. కళ్లలో లెన్సులు, ఎదురుగా హోమం పొగ. మధుపర్కాల్లో తీసిన ఒక్క ఫొటోలో కూడా నా కళ్లు సరిగా తెరుచుకుని లేవు.

సప్తపది గబగబా నడిపించేశారు. అప్పటికి అందరూ అలసిపోయారు, పంతులుగారు కూడా. నా పెళ్లిలో నాకు అందరికంటే గుర్తుండాల్సిన ఘట్టం అది. గుర్తు చేసుకుందామంటే వీడియోలో చూడాల్సి వస్తోంది.

నువ్వు పగలే అడుగు. గట్టిగా అడుగు. పెళ్లికూతురు ఒళ్లు తెలిసి, కళ్లు తెరిచి చేసుకునే పెళ్లికి కూడా బలం ఉంటుందని మీ నాన్నగారికి చెప్పు.

మూలపేట పురోహితుడు

అమ్మా, పౌరోహిత్యం చేసేవాడిని కాబట్టి నాకు తెలిసినంత చెబుతాను.

పెళ్లి రాత్రే జరగాలని శాస్త్రం ఎక్కడా అనలేదు. మేం ఎక్కువగా పాటించే ఆపస్తంబ గృహ్యసూత్రంలో పెళ్లయిన జంట ఇంటికి చేరాక, నక్షత్రాలు కనిపించినప్పుడు బయటికి వచ్చి ధ్రువుణ్ణి, అరుంధతిని చూడమని ఉంది. అంటే వివాహం ముందే అయిపోయి, చీకటి పడ్డాక నక్షత్రదర్శనం అన్నమాట. పగటి పెళ్లి శాస్త్రవిరుద్ధం అనేవాళ్లకు ఇది చెప్పండి.

లగ్నాలు పన్నెండు, ఒక్కొక్కటి సుమారు రెండు గంటలు. రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంటాయి. వధూవరుల తారాబలం, చంద్రబలం (వాళ్లిద్దరికీ ఆ రోజు నక్షత్రం, చంద్రుడు అనుకూలమా అన్నది), సప్తమశుద్ధి (లగ్నం నుంచి ఏడో స్థానంలో గ్రహాలు లేకపోవడం) చూసుకుంటూ వెళ్తే ఒక్కోసారి మంచి లగ్నం అర్ధరాత్రే పడుతుంది. ఆషాఢం, భాద్రపదం, పుష్యం పెళ్లిళ్లకు పనికిరావు. గురుమౌఢ్యం, శుక్రమౌఢ్యం, అంటే గురుడో శుక్రుడో సూర్యుడికి దగ్గరై కనిపించకుండా పోయే రోజులు వస్తే ఇంకొన్ని వారాలు పోతాయి. మిగిలిన రోజుల్లోనే అందరి పెళ్లిళ్లూ కుదరాలి, అందుకే ఎక్కువ రాత్రి ముహూర్తాలు కనిపిస్తాయి. రాత్రికి ప్రత్యేకంగా పుణ్యం ఉండి కాదు.

మీ పంతులుగారు రెండూ మంచివే అన్నారంటే రెండో దాంట్లో దోషం లేదని అర్థం. దోషం ఉంటే రాసివ్వరు. ఇంకొక మాట కూడా చెప్పాలి. జీలకర్ర బెల్లం ఒకరి తల మీద ఒకరు పెట్టే క్షణమే సుముహూర్తం. మాంగల్యధారణ, తలంబ్రాలు, పాణిగ్రహణం, సప్తపది అన్నీ ఆ తర్వాతే. కాబట్టి 1:50 అని రాశారంటే మీరు పీటల మీదకు రావాల్సింది 12కు ముందే, లేచేది 4 దాటాక. సప్తపది ఆచారం ఉన్నవాళ్లకు ఏడో అడుగుతోనే పెళ్లి పూర్తయినట్టని 1955 హిందూ వివాహ చట్టం ఏడో సెక్షన్‌లో కూడా ఉంది. దాన్ని తొందరగా ముగించమని ఎవరూ అడగకూడదు. ఏ వేళైనా సరే, మేం కూడా తొందరపడకూడదు.

నెల్లూరు పెద్దమ్మ

పంతులుగారూ, అరుంధతి మాట మీరే ఎత్తారు కాబట్టి అడుగుతున్నాను. పగటి పెళ్లిలో ఎండలోకి తీసుకెళ్లి ఆకాశం వైపు వేలు చూపించి "చూశావా" అంటే ఆ పిల్ల "చూశాను" అంటుంది. పెళ్లిరోజున పలికించే తొలి అబద్ధం అది. రాత్రి పెళ్లిలో నిజంగా చూపించవచ్చు కదా?

మూలపేట పురోహితుడు

నిజమే తల్లీ, పట్టపగలు చూపించడం నాకూ నచ్చదు. కానీ రాత్రైనంత మాత్రాన కనిపించదు. అరుంధతి, వశిష్ఠుడు సప్తర్షి మండలంలో తోక వైపు నుంచి రెండో చుక్క దగ్గర జంటగా ఉంటారు. వైశాఖంలో అయితే చీకటి పడ్డ కాసేపటికే ఉత్తరాన పైకి కనిపిస్తారు. కార్తీకంలో తెల్లవారుజాము దాకా ఆగాలి. ఈ అమ్మాయి పెళ్లి మాఘంలో. పగటి పెళ్లి చేసుకున్నా ఆ రాత్రి 11 గంటలకల్లా డాబా ఎక్కి ఈశాన్యం వైపు చూస్తే చక్కగా కనిపిస్తుంది. సూత్రంలో ఉన్న పద్ధతీ అదే.

బుచ్చి నుంచి

ఎవరూ మాట్లాడని సంగతి ఒకటి ఉంది. తెల్లవారుజామున 3, 4 గంటలకు నిద్రకళ్లతో హైవే ఎక్కే చుట్టాలు. పెళ్లివారిది ఒంగోలు అన్నారు. పెళ్లయ్యాక వాళ్ల బస్సులు, కార్లు అదే చీకట్లో బయలుదేరతాయి. వంట వడ్డన అయ్యేదాకా మేలుకున్న డ్రైవరే బండి నడుపుతాడు. రాత్రి ముహూర్తమే ఖాయమైతే మండపం దగ్గరే గదులు తీసుకుని, తెల్లవారే దాకా ఒక్క బండి కూడా కదలకుండా చూడండి. డ్రైవర్లకు పడుకోడానికి చోటు, వేళకు భోజనం మీరే చూడాలి. ఇది ఖర్చు కాదు, బాధ్యత.

మాఘం కాబట్టి వాన భయం లేదు, అది మీ అదృష్టం. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, హైవే మీద రాకపోకలు ఆగిపోయాయి. ఆ కార్తీకంలో పెళ్లిళ్లు పెట్టుకున్నవాళ్లు ఎంత టెన్షన్ పడ్డారో మా ఊళ్లో అందరికీ గుర్తే.

వంటమేస్త్రి కొడుకు

ఖర్చు లెక్క కూడా చెప్పుకోవాలి. పగలైతే చవక అనుకుంటారు, అలా ఏమీ లేదు. రాత్రి పెళ్లికి సాయంత్రం ఒక పెద్ద భోజనం, తెల్లవారి మిగిలిన దగ్గరివాళ్లకు టిఫిను. పగటి పెళ్లికి పొద్దున టిఫిను, మధ్యాహ్నం పెద్ద భోజనం. ఇక్కడిదాకా రెండూ ఒకటే. కానీ మనవైపు చాలామంది పగటి పెళ్లికి ముందురోజు సాయంత్రం రిసెప్షన్ కూడా పెడుతున్నారు. అప్పుడు రెండు పెద్ద భోజనాలు అవుతాయి. రిసెప్షన్ మానేసి పెళ్లికే అందరినీ పిలిస్తే పగటి పెళ్లి కచ్చితంగా తక్కువలో అవుతుంది. అతిథులు కూడా నిజంగా పెళ్లి చూస్తారు.

10:40 ముహూర్తానికి జనం 9:30కి వస్తారు, 12:30కి పంక్తి మొదలుపెట్టాలి. పప్పు, పులిహోర, గుత్తివంకాయ, పూర్ణాలు వేడిగా పడాలంటే అదే సరైన వేళ.

చెన్నైలో గూడూరువాడు

రాత్రి ముహూర్తం పెట్టుకుంటే శుభలేఖ జాగ్రత్త. పంచాంగం ప్రకారం రోజు సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకా, కాబట్టి "శుక్రవారం రాత్రి తెల్లవారితే శనివారం" అని వేస్తారు. ఇంగ్లీషు తేదీ మాత్రం శనివారానిది. మా బంధువుల్లో ఒక కుటుంబం ఆ తేదీ మాత్రమే చూసుకుని శనివారం సాయంత్రం దిగింది. అప్పటికి అప్పగింతలు కూడా అయిపోయాయి. కార్డు మీద "శుక్రవారం సాయంత్రం భోజనాలకు రండి" అని విడిగా పెద్ద అక్షరాల్లో వేయించండి. రైలు టిక్కెట్లు, మండపం బుకింగు కూడా రెండు తేదీలకూ చూసుకోవాలి. పెళ్లి రిజిస్ట్రేషన్‌కు శుభలేఖ జత చేస్తారు కదా, దరఖాస్తులో తేదీ, కార్డు మీద తేదీ ఒకటే ఉండేలా చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2002 చట్టం వచ్చినప్పటి నుంచి పెళ్లి రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

ఆసుపత్రి డ్యూటీలో

నేను డాక్టర్ని. ముహూర్తం గురించి నేను చెప్పేదేమీ లేదు, ఉపవాసం గురించి చెబుతాను. కన్యాదానం చేసే తల్లిదండ్రులు కూడా తినకుండా ఉంటారు. మీ నాన్నగారికి షుగర్ ఉందా? ఉంటే, ఖాళీ కడుపుతో మాత్రలు వేసుకున్నా, ఇన్సులిన్ తీసుకున్నా షుగర్ పడిపోయి పీటల మీదే కళ్లు తిరగొచ్చు. పొద్దుటి నుంచి అర్ధరాత్రి దాటేదాకా ఉపవాసం ఉండటం, 11 గంటల దాకా ఉండటం ఒకటి కాదు. ముందే వాళ్ల డాక్టర్ని అడిగి మోతాదు మార్పించుకోవాలి. పాలు, పండ్లు, కొబ్బరినీళ్లు తీసుకోవడానికి చాలా ఇళ్లలో అభ్యంతరం ఉండదు, పంతులుగారిని అడగండి.

అమ్మాయికి ఇంకొకటి. నెలసరి వాయిదా మాత్రలు ఎవరో ఇచ్చారని పెళ్లికి ముందురోజు మింగితే పనిచేయవు. సాధారణంగా నెలసరి రావాల్సిన తేదీకి మూడు రోజుల ముందు మొదలుపెట్టాలి, అదీ డాక్టరు చూసి ఇస్తేనే. గతంలో రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవాళ్లు అసలు వాడకూడదు. ఒక నెల ముందే వెళ్లి అడుగు తల్లీ, సిగ్గుపడకు.

కావలి అమ్మాయి

అందరికీ చాలా థ్యాంక్స్. నాన్నకు షుగర్ ఉంది. డాక్టరమ్మ రాసింది అమ్మకు చదివి వినిపించాను. ఇన్ని రోజులూ మాట్లాడని అమ్మ ఇవాళ భోజనాల దగ్గర, "ఆయన అర్ధరాత్రి దాకా పస్తుంటే నేను పీటల మీద కూర్చోను" అని తేల్చి చెప్పింది. నాన్న ఏమీ అనలేదు. పంతులుగారికి ఫోన్ చేసి, బుధవారం లగ్నంలో దోషమేమీ లేదని ఆయన నోటితో ఇంకోసారి చెప్పించుకున్నారు. ఒంగోలు వాళ్లతో కూడా మాట్లాడారు. బుధవారమే ఖాయం. మేనమామకు మాత్రం ఇంకా కోపంగానే ఉంది.

రిసెప్షన్ మానేద్దామని నేనే అడిగాను, దానికి అందరూ ఒప్పుకున్నారు. మండపం మంగళవారం మధ్యాహ్నం నుంచి ఇస్తామన్నారు. ఇంకేమైనా చూసుకోవాలా?

నెల్లూరు పెద్దమ్మ

నా అభిప్రాయం మారలేదు అమ్మాయ్, నేనైతే బలమైన లగ్నమే పట్టుకునేదాన్ని. అయినా నిర్ణయం అయిపోయింది కాబట్టి చెబుతున్నా, విను. బుధవారం అంటే ఉద్యోగాలు, బడులు ఉండే రోజు. శుభలేఖలు నెల ముందే పంచండి, దగ్గరివాళ్లకు వారం ముందు మళ్లీ ఫోన్లు చేయండి. మేనమామ ఇంటికి మాత్రం నువ్వే స్వయంగా వెళ్లి పిలువు. నిన్ను గంపలో కూర్చోబెట్టి తెచ్చేది ఆయనే. పూలజడ తేలికగా కట్టమను, లెన్సులు వద్దు. మధుపర్కాలు ముందే ఒకసారి ఉతికి గంజి తీయించు, కొత్తవి గరగరలాడతాయి. మంగళవారం రాత్రి 9కల్లా పడుకో, నాలుగింటికే లేవాలి.