ఐదెకరాలున్నా పిల్లనివ్వట్లేదు, సేద్యం మానేసి హైదరాబాద్ వెళ్లిపోనా?

కాలవగట్టు:
తెనాలి దగ్గర పల్లెటూరు మాది. నాకు 32. బీకాం చేశాను, నాన్నకు మోకాళ్లు పట్టేశాక పొలంలోకి దిగాను. సొంతం ఐదెకరాలు, ఇంకో ఆరు కౌలు. వరి, తర్వాత మొక్కజొన్న. అప్పుల్లేవు, మందు అలవాటు లేదు. నాలుగేళ్లుగా చూస్తున్నారు, ఒక్క సంబంధమూ కుదరలేదు. మధ్యవర్తి మొదట అడిగేది "అబ్బాయి ఎక్కడ చేస్తున్నాడు", వ్యవసాయం అనగానే "చూసి చెప్తానన్నయ్యా" అంటాడు, మళ్లీ ఫోన్ ఉండదు.

మొన్న ఒకాయన కూతురి కోసం వచ్చారు, ఆయనా రైతే. టీ తాగి, పొలం చూస్తానన్నారు. గట్టు మీద వంగి ఒక వెన్ను తుంచి, అరచేతిలో నలిపి, పొట్టు ఊదేసి గింజ కొరికి చూసి "ముప్ఫై అయిదు బస్తాలకు తగ్గదు బాబూ" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. రెండ్రోజులకు కబురు, పిల్లకి ఉద్యోగస్తుడే కావాలట. పిల్ల అందో ఆయనే అన్నాడో.

హైదరాబాద్‌లో ఫ్రెండ్ పాతిక వేల ఉద్యోగం చూశాడు. వెళ్లనా?

అమీర్‌పేట హాస్టల్:
రాకు బ్రో. నాది 27 వేలు, ఇక్కడ సొంత ఫ్లాట్ ఉందా అని అడుగుతున్నారు. నీకు మిగిలేది నాకంటే ఎక్కువే అయ్యుంటుంది.

రైతుబిడ్డ:
నేనూ రైతు కూతుర్నే, రైతు సంబంధం వద్దన్నదాన్నే. తిట్టుకోకుండా చదువు. మా అమ్మ నాలుగింటికి లేచి, పేడ ఎత్తి, పాలు పితికి, కూలీలకు వండి, క్యారియర్ పట్టుకుని వెళ్లి వాళ్లతో పాటు నాట్లు వేసేది. పాస్‌బుక్‌లో పేరు నాన్నది, ధాన్యం డబ్బులు నాన్న జేబులోకి. నా ఇంటర్ ఫీజుకి చిట్టీ పాడుకుంది, డబ్బులు నా చేతిలో పెడుతూ "నువ్వు మాత్రం గట్టు తొక్కకే" అంది. మన దగ్గర ఆడపిల్లకు వాటా ఇచ్చే చట్టం 1985 నుంచీ ఉంది, కానీ మా ఇంట్లో పొలం మాట వస్తే నన్ను కాఫీ పెట్టమని లోపలికి పంపేవాళ్లు.

నీ ఎకరాలు రాశావు సరే. వచ్చే అమ్మాయి ఉద్యోగం చేసుకోవచ్చా, తన చేతికి డబ్బు ఎలా వస్తుంది, నీ బయోడేటాలో ఉందా?

లెక్కల మాస్టారు:
బాబూ, ఇందులో లెక్క కూడా ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 1992-93లో ఉమ్మడి రాష్ట్రంలో ఒక్కో స్త్రీకి సగటున 2.6 మంది పిల్లలు, 2019-21కి ఆంధ్రాలో 1.7. నీ ఈడువాళ్లు నాలుగైదేళ్లు చిన్నపిల్లను వెతుకుతారు. ఏటా కాన్పులు తగ్గుతుంటే 1993లో పుట్టిన మగపిల్లల కంటే 1998లో పుట్టిన ఆడపిల్లలు తక్కువే ఉంటారు, స్కానింగ్ పాపం కలపకుండానే. ఆ పాపం వేరే ఉంది, 2019-21 సర్వేలో వెయ్యి మంది మగపిల్లలకు పుట్టిన ఆడపిల్లలు ఆంధ్రాలో 934, తెలంగాణలో 894. ఇప్పుడు బళ్లో ఉన్న కుర్రాళ్లది నీకంటే గడ్డు కాలం. (ఆంధ్రాలో ముగ్గురు పిల్లలుంటే సర్పంచ్‌గా నిలబడకూడదన్న రూలు 2024లో ఎత్తేశారు, ఇంకా కనండి అంటున్నారు, ముందు పెళ్లవ్వాలిగా!) మా నాయనమ్మకి ఓలి (మగపెళ్లివారు పిల్లవాళ్లకిచ్చే డబ్బు) ఇచ్చి చేసుకున్నారట, మా అమ్మకొచ్చేసరికి కట్నమైంది, రేపు మళ్లీ ఓలే వస్తుందేమో. వయసు పట్టింపు వదిలేయ్, నీ ఈడు పిల్లను చూడు.

కాలవగట్టు:
అక్క అడిగింది సూటిగా తగిలింది. ఒక సంగతి పైన రాయలేదు. ఆర్నెల్ల క్రితం గుంటూరు సంబంధం ఒకటి వచ్చింది, నర్సు, 31. తండ్రి లేడు, ఒక్కతే కూతురు, వాళ్లమ్మ తనతోనే ఉంటుంది. కాపురం గుంటూరులో, పొలానికి నువ్వు వెళ్లిరా అంది. ఇల్లరికం పోతావా అని నాన్న ఒక పూట అన్నం మానేశాడు, వయసెక్కువని అమ్మ వద్దంది, నేనూ నోరెత్తలేదు. ఇంకా కుదరలేదని మధ్యవర్తి చెప్పాడు, రేపు నేనే ఫోన్ చేస్తా. 28 కిలోమీటర్లు రోజూ బండి మీద తిరిగి సేద్యం చేసేవాళ్లెవరైనా ఉన్నారా?

పొన్నూరు రోడ్డు:
నేనున్నా, గుంటూరు నుంచే, ఆరేళ్లుగా. అయిదింటికి బయల్దేరితే సరిపోద్ది, వానాకాలం చెప్పులు రెండు జతలు పెట్టుకో. కాలవ వంతు వచ్చిన రాత్రి మాత్రం గట్టు మీదే పడుకోవాలి, ఆ సంగతి పెళ్లికి ముందే చెప్పు. మా ఆవిడకి నేను చెప్పలేదు.