మూడేళ్ల పాపకి రోజూ రెండు పేజీల రాత హోంవర్క్... నేనే తొందరపడ్డానా?

పల్నాటి అమ్మాయి

నమస్తే అండీ. మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. పాపకి జులైలో మూడేళ్లు నిండాయి. జూన్‌లోనే టౌన్‌లో ప్రైవేట్ స్కూల్లో ఎల్‌కేజీలో వేశాం. వ్యాన్ ఇంటి ముందుకే వస్తుంది. ఫీజు 24 వేలు, సగం కట్టేశాం.

రోజూ ఇంగ్లిష్ అక్షరాలు రెండు పేజీలు రాయించి పంపమంటారు. పాప పెన్సిల్‌ని పిడికిట్లో గరిటె పట్టుకున్నట్టు పట్టుకుంటుంది. రెండు గీతలు గీసి "అమ్మా, చెయ్యి నొప్పి" అంటుంది. నేనే దాని చెయ్యి పట్టుకుని రాయించేదాన్ని. మొన్న రాత్రి మాత్రం విసుగొచ్చి చేతిమీద ఒక్కటి వేశాను. ఏడవలేదు. లేచి లోపలికి వెళ్లిపోయింది. పొద్దున ఎసట్లోకి బియ్యం కొలుస్తుంటే గ్లాసులోకి పెన్సిల్ వచ్చింది. బియ్యం డబ్బాలో దాచిపెట్టింది! నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పక్క తడపడం మానేసి ఆరు నెలలైంది, ఇప్పుడు మళ్లీ మొదలైంది. మూడిళ్ల అవతలే అంగన్‌వాడీ. అక్కడ జులైలో తూచినప్పుడు 12 కేజీలు, నిన్న 11.4. మా అత్తయ్య "బడి మానిపించి అంగన్‌వాడీలో వెయ్యండి" అంటున్నారు. మా ఆయన "అక్కడేముంది, గుడ్డు తిని పడుకుని వస్తారు" అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

బన్నీ వాళ్ల నాన్న

మరీ అంత టెన్షన్ పడకండి. మావాణ్ణీ మూడేళ్లకే వేశాం. రెండు నెలలు గేటు దగ్గర ఏడ్చాడు. ఇప్పుడు రెండో తరగతి, రాత ముత్యాల్లా ఉంటుంది. ఒకసారి మానిపిస్తే పంతం నెగ్గిందనుకుంటారు పిల్లలు. హోంవర్క్ ఒక పేజీకి తగ్గించమని మిస్‌తో మాట్లాడండి, సరిపోతుంది.

టీచరమ్మ, నల్గొండ జిల్లా

పందొమ్మిదేళ్ల నుంచి మా ఊళ్లో అంగన్‌వాడీ నడుపుతున్నానమ్మా. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక లెక్క. జులైలో మూడు నిండిన బిడ్డ ఎల్‌కేజీలో ఎట్లా ఉంది? 2020 జాతీయ విద్యా విధానం ప్రకారం ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలి. ఆ లెక్కన యూకేజీకి ఐదు, ఎల్‌కేజీకి నాలుగు. ఐదు నిండితే ఒకటిలో చేర్చుకునే బడులు ఇంకా ఉన్నాయి, నిజమే. కానీ మీ పాప ఇట్లాగే పోతే ఆ ఐదు కూడా నిండకముందే ఒకటో తరగతిలో కూర్చుంటుంది. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పాఠ్యపుస్తకాలే పెట్టొద్దని 2022లో వచ్చిన జాతీయ పాఠ్య ప్రణాళికలో ఉంది. మీ బిడ్డ సంచిలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి.

చెయ్యి నొప్పి అనడం సాకు కాదు. ఆ వయసులో మణికట్టు ఎముకలు సగం కూడా గట్టిపడి ఉండవు. మీరు కాగితం మీద సున్నా గీసి చూపిస్తే మూడేళ్ల బిడ్డ చూసి గీస్తుంది. ప్లస్ గుర్తు గీయడం నాలుగేళ్లకు వస్తుంది. త్రికోణం ఐదు దగ్గర. కొంచెం అటూ ఇటూ. మరి ఇంగ్లిష్ 'ఏ' అంటే ఏమిటి? రెండు వాలు గీతలు, మధ్యలో ఒక అడ్డగీత. త్రికోణం రాని చేతికి అదెట్లా వస్తుంది? ఆ రెండు పేజీలూ మీరు రాసినవే, పాప కాదు. మన తెలుగు అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, కొంత నయం. అయినా నాలుగు దాటేదాకా మా సెంటర్లో నేను పెన్సిల్ ఇవ్వను. సుద్దముక్క ఇచ్చి గచ్చుమీద వదిలేస్తాను. నేలంతా పాడు చేస్తారని మా ఆయా రోజూ నన్ను తిడుతుంది.

చెయ్యి గట్టిపడాలంటే పిండి ముద్ద ఇచ్చి పిసకమనండి. తీగకు బట్టల క్లిప్పులు పెట్టించండి. గ్లాసులోంచి గ్లాసులోకి నీళ్లు పోయించండి. బఠానీలు ఒలిపించండి, కానీ పక్కనే కూర్చోండి. మా సెంటర్లో ఒక పిల్లవాడు గింజ ముక్కులో దూర్చుకున్నాడు. వాణ్ణి ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తిన రోజు నేను మర్చిపోను.

నన్ను ఇంతకంటే ఎక్కువ కంగారుపెట్టింది బరువు. సరిగ్గా మూడేళ్ల ఆడపిల్లకు మధ్యస్థంగా 13.9 కేజీలు ఉండాలి. 10.8 కన్నా తగ్గితే మా పట్టికలో పసుపులోకి, అంటే తక్కువ బరువులోకి, పోతుంది. మీ పాప ఇంకా ఆకుపచ్చలోనే ఉంటుంది కాబట్టి "నార్మల్" అనేస్తారు. కానీ నేను రంగు కన్నా గీత చూస్తాను. ఎక్కాల్సిన గీత కిందికి దిగింది, రెండు నెలల్లో 600 గ్రాములు. ఒకే తూకం యంత్రం మీద, చెప్పుల్లేకుండా ఇంకోసారి తూచమనండి. జబ్బకి టేపు కూడా పెట్టమనండి. 12.5 సెంటీమీటర్ల కన్నా తక్కువుంటే ఊరుకోవద్దు. ఆగస్టులో నులిపురుగుల మాత్ర వేయించారా? అన్నిటికన్నా ముందు డాక్టర్‌కి చూపించి మూత్రం పరీక్ష చేయించండి. పక్క తడపడం భయం వల్ల కావచ్చు, ఇన్ఫెక్షన్ వల్లా కావచ్చు. మనం ఇంట్లో కూర్చుని తేల్చలేం.

ఇక మీ ఆయన మాట. గుడ్డు తినడం చిన్న పనా? పడుకోవడం చిన్న పనా? మూడేళ్ల బిడ్డకు అవే పెద్ద పనులు. అయితే అన్ని సెంటర్లూ మంచిగా నడుస్తున్నాయని నేను అబద్ధం చెప్పను. ఒకరోజు పొద్దున వెళ్లి గంటసేపు మూల కూర్చోండి. టీచర్ పిల్లలతో మాట్లాడుతోందా, పాటా కథా చెబుతోందా, పిల్లలు ఆమె దగ్గరికి పోతున్నారా చూడండి. చేతిలో ఫోన్ కనిపిస్తే మాత్రం వెంటనే తప్పుపట్టకండి. పోషణ్ ట్రాకర్ అనే ప్రభుత్వ యాప్‌లో హాజరు వేయడమూ మా నెత్తినే ఉంది.

బన్నీ వాళ్ల నాన్న

టీచరమ్మా, బరువు సంగతి నేను గమనించలేదు, సారీ. మావాడు నాలుగేళ్లకు దగ్గరగా ఉన్నప్పుడు చేరాడని ఇప్పుడు లెక్కేస్తే తెలిసింది. నేను మూడు మూడు అనుకుంటూనే ఉన్నాను.

కాకినాడ మామ్మ

మా ఇంట్లో అందరికీ ఐదో ఏటే అక్షరాభ్యాసం చేశారమ్మా. అదీ పళ్లెంలో బియ్యం పోసి, వేలు పట్టుకుని దిద్దించేవారు. మీ పాప పెన్సిల్‌ని బియ్యంలోనే దాచిందంటే నాకు నవ్వొచ్చింది. ముగ్గు వేసేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని ఒక చిటికెడు పిండి ఇవ్వండి. చెరిపేస్తుంది, చెరపనివ్వండి.

పల్నాటి అమ్మాయి

అందరికీ థాంక్స్ అండీ. గవర్నమెంట్ ఆసుపత్రిలో చూపించాం. మూత్రంలో ఏమీ లేదన్నారు. డాక్టరమ్మ మొదట అడిగిన ప్రశ్న "పొద్దున ఏం తింటుంది?" అని. వ్యాన్ 7.40కి వస్తుంది. నిద్రలో లేపి రెండు ముద్దలు కుక్కి పంపిస్తున్నాం. బాక్సు చాలా రోజులు నిండుగానే తిరిగొచ్చేది, "అక్కడ తినిపించరేమో" అనుకుని ఊరుకున్నాను. తప్పు నాదే. నులిపురుగుల మాత్ర కూడా వేయించలేదు, ఆ రోజు స్కూల్లో వేశారనుకున్నాం.

సోమవారం అంగన్‌వాడీకి వెళ్లి కూర్చున్నాను. మా ఆయన్నీ లాక్కెళ్లాను. టీచర్ కాకి కథ చెబుతుంటే మా పాప ఆవిడ కొంగు పట్టుకుని నిలబడింది. ఆయన ఏమీ అనలేదు, దసరా సెలవుల దాకా ఇక్కడే ఉండనిద్దాం అన్నారు.

ఒకటే సందేహం. కట్టిన 12 వేలలో ఎంతో కొంత వెనక్కి అడగొచ్చా? మీలో ఎవరైనా అడిగి తీసుకున్నవాళ్లు ఉంటే ఎలా మాట్లాడారో చెప్పండి.