రాళ్లవాన హెచ్చరిక జిల్లా మొత్తానికి ఇస్తే రైతుకు ఏం ఉపయోగం?

నర్సంపేట_మక్కరైతు:
మార్చి, ఏప్రిల్ వచ్చిందంటే ఫోన్‌లో ఇదే మెసేజ్. వరంగల్ జిల్లాలో ఒకటి రెండు చోట్ల ఈదురుగాలులు, వడగండ్ల వాన, ఆరెంజ్ అలర్ట్. ఆ ఒకటి రెండు చోట్లు ఏవి? మా మండలమా, పక్క మండలమా? మక్కలు కల్లంలో ఆరుతున్నాయి, వరి ఇంకా పూర్తిగా పండలేదు. అలర్ట్ చూసి కోత మిషన్ పిలిస్తే పచ్చి వడ్లు ఇంటికొస్తాయి. పిలవకుంటే, రాళ్లు పడిన రోజు గింజంతా నేలపాలు. జిల్లాకంతా ఒకే రంగు వేయడం ఆపి మండలాల వారీగా చెప్పాలి. అది కాదంటే అవకాశం ఎంతో శాతంలోనైనా చెప్పాలి. మీరేమంటారు?

హన్మకొండ_మబ్బులు:
అన్నా, మీ బాధ న్యాయమైనదే. కానీ మండలం పేరు ముందురోజే చెప్పమంటే కుదరదు. రాళ్లు ఎట్లా తయారవుతాయో చూడండి. విదర్భ నుంచి దక్షిణానికి ద్రోణి ఏర్పడుతుంది, బంగాళాఖాతం నుంచి తేమ వస్తుంది, పైన పొడి గాలి. మధ్యాహ్నం ఎండకు నేల కాగి గాలి నిట్టనిలువుగా లేస్తుంది. ఈ కాలంలో నాలుగైదు కిలోమీటర్ల పైకి పోతే సున్నా డిగ్రీల కంటే తక్కువే. అంత చలిలోనూ గడ్డకట్టకుండా ఉన్న నీటి చుక్కలు మంచు పలుకు తగలగానే దాన్ని పట్టుకుని గడ్డకడతాయి. లేచే గాలి మోసినంతసేపు రాయి పెరుగుతుంది, మోయలేనప్పుడు పడుతుంది.

అది పడే దారి చాలాసార్లు కొద్ది కిలోమీటర్ల వెడల్పే. 2025 మేలో మొదలైన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ అనే వాతావరణ కంప్యూటర్ మోడల్ నేలను 6 కిలోమీటర్ల గడులుగా విడగొట్టి లెక్క కడుతుంది, అంతకుముందు 12 కిలోమీటర్ల గడులు. ఆ దారి ఒక్క గడిలోనే దాగిపోతుంది. ఇంకో మాట, వాన బులెటిన్లలో ఒకటి రెండు చోట్ల అంటే భారత వాతావరణ శాఖ (ఐఎండీ) లెక్కలో 25 శాతం లోపు వాన కొలిచే కేంద్రాలని అర్థం. అంటే ఎక్కువ ఊళ్లలో పడదనే అందులో ఉంది.

నర్సంపేట_మక్కరైతు:
ఆ 25 శాతం సంగతి మాకొచ్చే మెసేజ్‌లో ఎందుకు రాయరు? ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండండి అని. దేనికి సిద్ధం కావాలో తెలియాలి కదా!

ఐకేపీ_అక్క_పరకాల:
నేను ఒప్పుకోను. మా కొనుగోలు కేంద్రంలో ఆరెంజ్ అనగానే కుప్పల మీద పరదాలు కప్పిస్తాం. వాన రాకపోతే పోయేది ఒక పూట ఆరబెట్టుడే. వస్తే తేమ 17 శాతం దాటుతుంది, వడ్లు కాంటా ఎక్కవు. 20 శాతమే అవకాశం అని రాస్తే సగం మంది పరదా కప్పనే కప్పరు. 2022 జనవరిలో మా పరకాల, మీ నర్సంపేట వైపు మిర్చి ఎట్లా పోయిందో మరిచిపోయారా? 2023 మార్చిలో మళ్లీ రాళ్లు. ఎకరానికి 10 వేలు ప్రకటించారు. మిర్చి పెట్టుబడికి అది ఏ మూలకు సరిపోతుంది?

జెర్సీలో_ఓరుగల్లు:
నేను ఉండేది అమెరికాలో. ఇక్కడ చలికాలం తుఫానులో వాన పడుతుందా, మంచు పడుతుందా అనేది ఒకటి రెండు డిగ్రీల్లో తేలుతుంది. మధ్యలో వెచ్చని గాలి పొర చొరబడితే మంచు కరిగి వానవుతుంది. సముద్రం ఒడ్డున వాన పడుతుంటే కొంచెం లోపలికి పోతే రోడ్లన్నీ మంచు. అందుకే ఇక్కడి నేషనల్ వెదర్ సర్వీస్ ఒక్క అంకెతో ఊరుకోదు. తక్కువలో తక్కువ ఎంత, ఎక్కువలో ఎక్కువ ఎంత, ఏది పడే అవకాశం ఎక్కువ, అన్నీ ఇస్తుంది. మనవాళ్లకు శాతాలు అర్థం కావనడం మాత్రం తప్పు అక్కా. తేమ శాతం మీద రోజూ వాదించే రైతుకు వాన శాతం తెలియదా?

హన్మకొండ_మబ్బులు:
శాతాలకు నేనూ సరే. కానీ అక్కడ రాడార్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. మనల్ని చూసేది హైదరాబాద్ రాడార్, ఇక్కడికి దాదాపు 140 కిలోమీటర్లు. భూమి వంపు వల్ల దాని కిరణం వరంగల్ వచ్చేసరికి రెండు కిలోమీటర్ల పైనే ఉంటుంది, భూపాలపల్లి దాకా పోతే ఇంకా పైకి. రాళ్ల మబ్బు కనిపిస్తుంది. కింద పాకి పక్కన కొత్త మబ్బును లేపే చల్లగాలి కనిపించదు. నన్నడిగితే మనం గట్టిగా అడగాల్సింది వరంగల్‌లో ఒక రాడార్.

నర్సంపేట_మక్కరైతు:
రాడార్ రావాలి, కాదనను. కానీ అక్కా, మీరు చేసే పని వేరు, నాది వేరు. పరదా కప్పడానికి 20 శాతం చాలు, తప్పినా నష్టం లేదు. నిలబడ్డ వరి కోయాలంటే నాకు 60, 70 శాతం కావాలి, తప్పితే పంటే పోతుంది. ఇద్దరికీ ఒకే ఆరెంజ్ ఇస్తే మీకు పనికొస్తుంది, నాకు టెన్షన్ మిగులుతుంది.

ఐకేపీ_అక్క_పరకాల:
రంగు పక్కన శాతం రాస్తే నాకేం అభ్యంతరం లేదు తమ్మీ. రంగు తీసేస్తామంటేనే ఒప్పుకోను. మూడు గంటల ముందు ఇచ్చే నౌకాస్ట్ గురించి కూడా మాట్లాడండి. రాత్రి తొమ్మిదింటికి వస్తే హమాలీలు ఉండరు, రైతులు నిద్రలో ఉంటారు. ఆ మెసేజ్ రాగానే ఊళ్లో మైకులో చెప్పే ఏర్పాటు పంచాయతీ చేయగలదా? మీ ఊళ్లో ఎక్కడైనా ఉంటే ఎట్లా నడుస్తుందో రాయండి.