విరిగిన స్టడ్‌కి ఈజీ అవుటా, వెల్డింగా?

నాలుగుచక్రాలు:
ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగని బయటికి తీసుకెళ్లే గొట్టాల సెట్టు) గాస్కెట్ మార్చుదామని నట్లు విప్పుతుంటే చివరి స్టడ్ పుటుక్కున విరిగింది. ఎం8 స్టడ్ (తల లేని 8 ఎంఎం మర బోల్టు), అది బిగిసి ఉన్న ఇంజిన్ హెడ్ అల్యూమినియం. సరిగ్గా హెడ్ మట్టానికి తెగింది, వైస్ గ్రిప్ పట్టకారుకి పట్టు దొరకదు. ఒకరు ఈజీ అవుట్ (విరిగిన బోల్టులో బొక్క వేసి, అందులో దించి తిప్పే ఎడమ మరల పనిముట్టు) వేసెయ్ అంటారు, ఇంకొకరు దాని జోలికే పోవద్దంటారు. హెడ్ దించకుండా అవుతుందా?

లేత్‌మామ:
ఈజీ అవుట్ ముట్టుకోకు. నిండు స్టడ్డే నీ బలానికి ఆగలేక తెగింది కదా. ఇప్పుడు దాని నడుమ 4 ఎంఎం బొక్క వేసి, స్టడ్ కంటే సన్నపు పనిముట్టుతో అదే స్టడ్‌ని తిప్పుతానంటే ఎలా? పైగా కోసుగా ఉంటుంది కాబట్టి లోపలికి దిగేకొద్దీ స్టడ్ గోడల్ని బయటికి నొక్కి ఇంకా బిగిస్తుంది. లోపల విరిగిందా, అది గట్టిపరిచిన ఉక్కు, మామూలు హెచ్ఎస్ఎస్ (హైస్పీడ్ స్టీల్) బిట్ దానిమీద జారిపోతుంది. అప్పుడు కార్బైడ్ బిట్టో, స్పార్క్ ఎరోషనో (విద్యుత్ స్పార్కులతో లోహాన్ని అరగదీయడం). హెడ్ దించక తప్పదు.

పానాపట్టు:
మామా, అన్ని స్టడ్లూ తుప్పు పట్టి విరగవు. వేడికి మానిఫోల్డ్ సాగుతుంది, చల్లారితే కుంచించుకుంటుంది. ఆ లాగుడంతా చివరి స్టడ్ల మీదే. వంగి వంగి సగం చీలి ఉంటాయి. తమ్ముడూ, విరిగిన ముఖం చూసి చెప్పు, మొత్తం మెరుస్తోందా, కొంత నల్లగా ఉందా?

నాలుగుచక్రాలు:
ఇప్పుడే చూశానన్నా. సగానికి పైగా నల్లగా ఉంది, మిగతాది కొత్తగా మెరుస్తోంది.

పానాపట్టు:
ఇంకేం, నల్లటి భాగం పాత చీలిక. నువ్వు తెంపింది మిగిలిన కాస్తే. "నిండు స్టడ్డే ఆగలేదు" అన్న మామ వాదన ఇక్కడ నిలవదు, లోపల మరలు ఎంత బిగుసుకున్నాయో మనకింకా తెలియదు. సెంటర్ పంచ్ నడిమధ్యలో కొట్టు, ఎడమవాటం (విప్పే దిశలో తిరుగుతూ కోసే) డ్రిల్ బిట్‌తో మెల్లగా వెళ్లు. బిట్ పట్టుకుంటే ఒక్కోసారి స్టడ్ దానంతటదే తిరిగి వచ్చేస్తుంది. రాకపోయినా నష్టం లేదు, బొక్క ఎలాగూ కావాలి.

లేత్‌మామ:
ముఖం సంగతి ఒప్పుకుంటాను. కానీ ఎగ్జాస్ట్ దగ్గర అన్నేళ్లు కాలిన మర, అది వదులుగా ఉంటుందని నేను నమ్మను. పంచ్ కొంచెం పక్కకి పోయినా బిట్ మెత్తటి అల్యూమినియంలోకి జారుతుంది, అసలు నష్టం అక్కడ.

నిప్పురవ్వ:
ఇద్దరూ కొట్టుకోండి, నేనైతే నట్ వెల్డ్ చేస్తాను. స్టడ్ మీద వాషర్ పెట్టి, మిగ్ వెల్డర్‌తో నడుమ నింపి, దానిమీద నట్ పెట్టి మళ్లీ వెల్డ్. ఉక్కు వెల్డ్ అల్యూమినియానికి అంటుకోదు కాబట్టి హెడ్ మరలకి పెద్దగా భయం లేదు. నట్ దొరకడం ఒక్కటే కాదు దీని లాభం. ఆ వేడికి స్టడ్ ఉబ్బి, చుట్టూ ఉన్న బొక్కకి ఒత్తుకుని, చల్లారేటప్పుడు కుంచించుకుంటుంది. తుప్పు పట్టు అక్కడే విడుతుంది. ఎర్రగా ఉండగా తిప్పితే మళ్లీ తెగుతుంది, ఆగాలి. తర్వాత కాస్త ముందుకు, కాస్త వెనక్కు ఆడిస్తూ తీయాలి.

బ్యాటరీ తీసెయ్యి, ఎర్త్ క్లాంప్ హెడ్ మీదే దగ్గరగా పెట్టు. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన చోట మాత్రం వెల్డ్ చేయకు, వేడికి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. ఇది సరదాకి చెప్పడం లేదు.

నాలుగుచక్రాలు:
వెల్డింగ్ లేకుండా బ్లోటార్చ్‌తో స్టడ్‌ని కాలిస్తే?

పానాపట్టు:
స్టడ్‌ని కాదు, చుట్టూ హెడ్‌ని. అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, బొక్క వెడల్పవుతుంది. అదే ఇనుప హెడ్ అయితే రెండూ ఇంచుమించు ఒకేలా సాగుతాయి, ఆ లాభం ఉండదు. జాగ్రత్త, అల్యూమినియం ఎర్రబడి హెచ్చరించదు, ఉన్నట్టుండి కుంగిపోతుంది. చేయి ఆనించలేనంత వేడి చాలు.

లేత్‌మామ:
ఏదీ కాకపోతే నా దారి. మానిఫోల్డ్ ఫ్లాంజ్ బొక్కలో బుష్ (చిన్న గొట్టం ముక్క) పెట్టి, దాన్నే గైడుగా వాడి నడిమధ్యలో 6.8 ఎంఎం వరకు మెట్లుమెట్లుగా డ్రిల్ చెయ్. మరల్లో తీగలా మిగిలిన స్టడ్‌ని కొక్కెంతో లాగి, 1.25 ఎంఎం పిచ్ ట్యాప్ (మర కోసే పనిముట్టు) నడిపిస్తే హెడ్ మర మిగులుతుంది. పాడైతే హెలికాయిల్ (పాడైన మర స్థానంలో పెట్టే తీగచుట్ట మర) ఉంది. నిప్పురవ్వ చెప్పింది ముందు చూడు, అందులో నాకు పేచీ లేదు.

నాలుగుచక్రాలు:
సరే, ముందు నట్ వెల్డింగే. మిగతా స్టడ్లు కూడా ఇప్పుడే మార్చాలా?

పానాపట్టు:
అటు చివర ఉన్నది తప్పకుండా మార్చు, దానికీ ఇదే లాగుడు.

లేత్‌మామ:
చీలిక కనబడనిదాన్ని కెలకొద్దు. నట్ సాఫీగా వచ్చిన స్టడ్‌ని అలా వదిలెయ్యాలి. లేకపోతే రేపు "రెండు స్టడ్లు విరిగాయి" అని మళ్లీ ఇక్కడికే వస్తావు.

పానాపట్టు:
మామా, బయటికి కనబడని చీలికే కదా ఇప్పుడు మనందర్నీ ఇక్కడ కూర్చోబెట్టింది!